రథసప్తమి నాటి ఫైలు

అప్పన్న రేపు తప్పు ఒప్పుకోబోతున్నాడు.

ఐసు ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు కంప్రెసరు నడిపిన మనిషి. సొంత మేనల్లుణ్ణి తన చేతకానితనమే చంపిందని రేపు పదిన్నరకి కోర్టులో చెబుతానంటున్నాడు. పొద్దున్న అమలాపురంలో ప్లీడరుగారి వరండాలో వీర్రాజు అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని గంటసేపు అడిగాడు. వాల్వు తిప్పావా అంటే గుర్తులేదన్నాడు. తిప్పలేదా అంటే అదీ గుర్తులేదన్నాడు. చివరికి తల వంచుకుని ఒక్క మాట చెప్పాడు.

"కంప్యూటరు అబద్ధం ఆడదు కదండీ. నేనే తిప్పేసుంటాను."

వీర్రాజుకి జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. మిషను మీద ఉన్న నమ్మకంలో పదోవంతు కూడా తన చేతుల మీద లేనివాణ్ణి ఎవడు గట్టెక్కిస్తాడు? అయినా బస్సెక్కాడు.

ఆరు నెలల కిందట, రథసప్తమి నాటి సాయంత్రం నాలుగూ నలభైకి ఫ్యాక్టరీలో అమ్మోనియా గొట్టం పగిలింది. ఐసు డబ్బాలు లాగే మేనల్లుడు అంజిబాబు ఊపిరాడక అక్కడే పోయాడు. ఇరవై రెండేళ్ళవాడు. గొట్టంలో ఒత్తిడి ఎంతో, ఐసు గదిలో చలి ఎంతో కంప్యూటరు నిమిషానికొకసారి రాసుకుంటుంది. ఆ రాత ప్రకారం నాలుగున్నర దాకా అంతా సవ్యంగా ఉంది. నాలుగున్నరకి ఒత్తిడి ఒక్కసారిగా ఎగిరింది. వాల్వు తప్పు తిప్పితే తప్ప అలా ఎగరదు. వాల్వు దగ్గరున్నది అప్పన్న. అంజిబాబు తల్లి మరిడమ్మ ఆనాటినించీ అన్నని గుమ్మం ఎక్కనివ్వలేదు. అప్పన్నకి జైలంటే భయం లేదు. ఆ గుమ్మమే అతన్ని తినేస్తోంది.

వీర్రాజు ముప్ఫయ్యేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి ఎస్సైగా దిగిపోయాడు. ఇప్పుడు ప్లీడర్లు అడిగితే ఎంక్వయిరీలు చేసిపెడతాడు. భార్య సీతారత్నం పోయి మూడేళ్ళు. ఇంట్లో కూర్చుంటే గోడలు కనపడతాయి కాబట్టి బయట తిరుగుతాడు. అంతకుమించి పనిమీద ప్రేమేం లేదు.

రెండూ ముప్ఫయ్యైదుకి రాజోలు అవతల ఫ్యాక్టరీ గేటు దాటాడు. ఆరు నెలల కిందటి రికార్డు ఉంచకూడదని ఆఫీసు నించి కొత్తగా ఆర్డరు. ఫిబ్రవరి నెల మొత్తం ఇవాళ అయిదింటికి తుడిచేస్తారని ప్లీడరుగారి గుమాస్తా కనుక్కున్నాడు. అంటే చేతిలో ఉన్నది రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు.

లోపలికి వెళ్ళగానే తడి ఊక వాసన. ఆ వాసన తగిలితే వీర్రాజుకి కాళ్ళు ఆగుతాయి. ఇదే ఫ్యాక్టరీకి అరవై ఎనిమిదిలో సైకిలు మీద వచ్చాడు, ముందు కడ్డీ మీద సీతారత్నం. పెళ్ళయి పదిహేను రోజులు. ఊకలో పొర్లించిన ఐసు ముక్క గోనెలో కట్టించుకుని వెళుతుంటే దారి పొడుగునా చుక్కలు కారి ఆవిడ చీర తడిసింది. ఇల్లు చేరేసరికి ముక్కంతా కరిగి పిడికెడు మిగిలింది. ఆ పిడికెడూ ఇద్దరూ నములుతూ అరుగు మీద కూర్చున్నారు. అప్పుడు ఒత్తిడి లెక్క రాసేది ఒక ముసలాయన. చెవి మీద పెన్సిలు, గోడకి వేలాడే పుస్తకం. గంటకొకసారి చూసి రాసి, కింద పొట్టి సంతకం. చెరిపితే మరక కనపడేది. ఇప్పుడు చెరిపితే ఏం కనపడుతుందో వీర్రాజుకి తెలియదు.

ముందు మేనేజరు నారాయణమూర్తిని పట్టుకున్నాడు. యాభై దాటినవాడు, పడవల కుటుంబం, పుట్టింది ఏరు సముద్రంలో కలిసే మొగలో. ప్లీడరుగారి అనుమానమంతా ఇతని మీదే. గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసి, ఆ రోజు పొద్దుటినించీ గంట గంటకీ ఎక్కడున్నాడో అడిగాడు. ఎనిమిది నించి పన్నెండు దాకా ఫ్యాక్టరీలోనే. ఏట్లోకి సముద్రం పోటు ఎక్కలేదు, పడవలు రాలేదు, ఐసు గది తలుపు తియ్యాల్సిన పని పడలేదు. పన్నెండున్నరకి భోజనం. ఒంటిగంటకి రేవులోకి దిగాడు.

"మళ్ళీ ఎప్పుడొచ్చారు?"

"మూడున్నరకండి. పోటు మీద పదకొండు పడవలొచ్చేయండి. అంతర్వేది తీర్థం ముందు కదండీ, అందరికీ ఐసు కావాలి. రెండు గంటలపాటు ఐసు గది తలుపు మూసింది లేదండి."

ఒత్తిడి ఎక్కువైతే ఆఫీసు గదిలో గంట మోగుతుంది. రేవులోకి వినపడదు. ఆ రోజు ఆఫీసు గదిలో ఎవరున్నారని వీర్రాజు మూడుసార్లు అడిగాడు. నారాయణమూర్తి మూడుసార్లూ రేవు సంగతే చెప్పాడు. నాలుగోసారి అడిగితే కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణండి. నన్నొదిలెయ్యండి."

అబద్ధం ఆడేవాడు ఎదుటివాడి కళ్ళు చూస్తాడు, నమ్మాడా లేదా అని. భయపడేవాడు గుమ్మం చూస్తాడు. నారాయణమూర్తి గుమ్మం చూస్తున్నాడు. వీర్రాజు వదిలేశాడు. పిరికివాళ్ళ మీద అతనికి గౌరవం లేదు గాని, టైమూ లేదు.

మూడూ అయిదుకి కంప్యూటరు గదిలోకి వెళ్ళాడు. ఆ గది చూసే అమ్మాయి పేరు సౌజన్య. అప్పనపల్లి పిల్ల, పాతికేళ్ళుంటాయి. గదిలో రెండు మిషన్లున్నాయి. ఒకటి నిమిషానికొకసారి రాసుకునేది. రెండోది దాని రాతనంతా దాచిపెట్టేది. దాన్ని బ్యాకప్ సర్వరంటారని ఆ అమ్మాయి చెప్పింది. పేరు పెద్దది గాని దాని కడుపు చిన్నది, ఏడాది రాతకే నిండిపోయింది. కొత్తది కొనమంటే పై నుంచి జవాబు లేదు. అందుకని నెలకొకసారి పాత ఫైళ్ళని నొక్కి చిన్నవి చేసి దాస్తోంది.

"నొక్కితే అక్షరాలు నలగవూ?" అన్నాడు వీర్రాజు.

సౌజన్య నవ్వింది. "నలగవండి. విప్పితే చుక్క కూడా పోదు. ఒకసారి రాసిన ముక్క మళ్ళీ వచ్చిందనుకోండి, అది మళ్ళీ రాయదండి. ఇందాకటి దగ్గర చూసుకోమని చిన్న గుర్తు పెడుతుంది. అంతే."

వీర్రాజు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఇది అతనికి తెలిసిన పనే. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో బడి కరణంగారి అరుగు మీదే జరిగేది. పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే కరణంగారు ఇవతల భూముల దస్తరం రాసుకునేవారు. ఒకే రైతుకి వరసగా ఆరు చేలుంటే మొదటి చేను దగ్గర పేరంతా రాసి, కింద అయిదుసార్లు 'సదరు', 'సదరు' అని గీకేవారు. ఎందుకండీ అని అడిగితే, "కాగితం ఊరికే వస్తోందిట్రా" అని బెత్తం చూపించేవారు. ఆయన సిరా వాసన, అవతల కొబ్బరాకుల చప్పుడు, మోకాళ్ళ మీద పలక. ఆ అరుగు మీద నేర్చుకున్న నాలుగు అక్షరాలతోనే ముప్ఫయ్యేళ్ళు ఉద్యోగం నెట్టుకొచ్చాడు.

"అయితే నీ మిషను సదరు రాస్తుందన్నమాట" అన్నాడు.

"ఆయ్, అదేనండి."

"సదరులు ఎక్కువుంటే ఫైలు బాగా చిన్నదవుతుంది."

"ఆయ్."

ఫిబ్రవరి నెల ఫైళ్ళు చూపించమన్నాడు. రోజుకొక ఫైలు, ఇరవై ఎనిమిది వరసలు. ప్రతి వరసలోనూ నొక్కకముందు ఎంత, నొక్కాక ఎంత, నూటికి ఎన్ని పాళ్ళు మిగిలింది అన్న అంకెలు. వీర్రాజుకి మిగతావి అర్థం కాలేదు. నూటికి ఎన్ని పాళ్ళన్నది బడిపిల్లాడికైనా అర్థమవుతుంది. తెర మీద వేలు పెట్టి కిందికి దిగాడు. ముప్ఫయ్యైదు. ముప్ఫయ్యారు. ముప్ఫయ్యైదు. ముప్ఫయ్యైదు. ముప్ఫైనాలుగు. వేలు ఎనిమిదో తారీఖు దగ్గర ఆగింది.

ఇరవై ఎనిమిది.

"ఇదేంటమ్మా?"

సౌజన్య ముందుకు వంగింది. ఆ రోజు ప్రమాదం కాగానే నాలుగూ యాభైకి కరెంటు కట్టేశారని, రాత అక్కడితో ఆగిపోయిందని, అందుకని ఫైలు చిన్నదేనని చెప్పబోయింది. సగంలో ఆగింది.

"కాదండి. ఫైలు పొట్టిదైతే పొట్టిగా ఉండాలి గాని, పాళ్ళు మారకూడదండి. ఇందులో సదరులు ఎక్కువున్నాయండి."

మూడూ ఇరవై అయింది. ఆ ఫైలు విప్పి అచ్చు వెయ్యమన్నాడు. ప్రింటరు కీచుమంటూ గజాలకొద్దీ కాగితం కక్కింది. వీర్రాజు ఆ కాగితాన్ని నేలమీద పరిచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మోకాళ్ళు తిట్టాయి. పొద్దున్న రాతని ఒక పక్కా, మధ్యాహ్నం రాతని ఒక పక్కా పెట్టి జరుపుకుంటూ వచ్చాడు. సౌజన్య ఒక పక్క చదువుతుంటే తను రెండో పక్క చూసుకున్నాడు. పావుగంట పట్టింది.

ఎనిమిదిన్నర నించి పన్నెండు దాకా ఉన్న అంకెలే ఒంటిగంట నించి నాలుగున్నర దాకా ఉన్నాయి. ఒత్తిడి అదే, చలి అదే, వరసా అదే. గడియారం ఒక్కటే మారింది. రెండు వందల పది నిమిషాలు, రెండు వందల పది సదరులు.

ఎవడో మధ్యాహ్నం రాతని చెరిపేసి, దాని చోట పొద్దుటి రాతని అతికించాడు.

సౌజన్య చేతిలో కాగితం నేలమీద పెట్టేసింది. ఇన్నాళ్ళూ ఆ ఫైలు తన చేతిలోనే ఉంది. తనే నొక్కింది. పోలీసులకి అచ్చు వేసి ఇచ్చింది కూడా తనే. ఆ మాట మెల్లిగా చెప్పి, తనకి శిక్ష పడుతుందా అని అడిగింది. వీర్రాజు ఓదార్చలేదు. చూడాల్సిన కళ్ళతో చూసి ఉంటే అప్పన్నకి ఆరు నెలల కిందటే ఊపిరి తిరిగేదన్నాడు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని కుర్చీలోంచి లేవలేదు. అది అతనికి నచ్చింది.

ఇప్పుడిక చేసిందెవరన్న ప్రశ్న. వీర్రాజు వేలు ఐసు గది చలి ఉన్న గడి మీద పెట్టాడు. మధ్యాహ్నం ఒంటిగంట నించి నాలుగున్నర దాకా ఆ గది రాయిలా చల్లగా ఉంది. తలుపు తీసిన జాడ లేదు. రెండు గంటలు తలుపు బార్లా తెరిచి ఉంటే అంకె ఎక్కాలి. నారాయణమూర్తి చెప్పింది నిజమా, కాదా?

దానికి నారాయణమూర్తి అక్కర్లేదు. సీతారత్నం చాలు. ఆవిడ పడవలవాళ్ళ పిల్ల. బొటనవేలితో వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే తడుముకుంటూ తిథి లెక్కపెట్టి, ఏ వేళకి పోటు వస్తుందో పంచాంగం చూడకుండా చెప్పేది. మాఘమాసం పాడ్యమికి తొమ్మిదిన్నర. అక్కణ్ణించి రోజుకి రెండు ఘడియలు ఆలస్యం. సప్తమికి ఆరు రోజులు, పన్నెండు ఘడియలు, అంటే అయిదు గంటలకి పన్నెండు నిమిషాలు తక్కువ. వీర్రాజు తన కణుపుల మీద లెక్కపెట్టుకున్నాడు. ఆవిడ వేళ్ళంత తొందరగా కదల్లేదు.

రెండూ ఇరవై లోపు. పోటు ఆ వేళకే. పడవలు వచ్చి తీరాలి, తలుపు తెరిచి తీరాలి.

అయితే ఈ పని నారాయణమూర్తిది కాదు. ఏటి మొగలో పుట్టినవాడు మధ్యాహ్నం పోటు వేళకి తలుపు మూసి ఉందని రాయడు. పైగా తను రేవులో ఐసు ఎక్కిస్తున్నానన్న మాటని తనే కొట్టేసుకోడు. చేసినవాడికి ఏరు తెలియదు. ఏటి ఒడ్డున పుట్టినవాడే కాదు.

"గురువుగారికి మోకాళ్ళ నొప్పి తగ్గినట్టుందే."

గుమ్మంలో గోపీకృష్ణ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సెల్‌ఫోను. అప్పటికి మూడూ యాభై అయిదు.

డెబ్భై తొమ్మిదిలో జగ్గంపేట మెట్టనించి వీర్రాజు స్టేషనుకి వచ్చిన కానిస్టేబులు ఇతను. అప్పుడు ఇరవై ఒక్కేళ్ళవాడు, ఒంటిమీద మాంసం లేదు. చేపల పులుసు ముల్లు తీసుకుని తినడం కూడా రాదు. సీతారత్నం పక్కన కూర్చుని ముళ్ళు తీసి పెట్టేది. నాలుగేళ్ళు వాళ్ళింట్లోనే తిన్నాడు. ఎఫ్ఐఆరు రాయడం, అబద్ధం పట్టడం, దొంగని కొట్టకుండా ఏడిపించడం, అన్నీ వీర్రాజే నేర్పాడు. తరవాత ఉద్యోగం మానేసి రాజమండ్రిలో కంపెనీల తరఫున ప్రమాదాల విచారణలు చేసే ఆఫీసు పెట్టాడు. ఈ ఫ్యాక్టరీ తరఫున విచారణ చేసి, తప్పు అప్పన్నదేనని రిపోర్టు రాసింది అతనే.

నేలమీద పరిచిన కాగితం చూశాడు. సౌజన్యని చూశాడు. అయిదింటికి ఆర్డరు గుర్తుందా అని ఆ అమ్మాయిని అడిగి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వీర్రాజు దొరికినదంతా దాచకుండా చెప్పాడు. దాచడం చేతకాక కాదు, అతని మొహం చూద్దామని.

గోపీకృష్ణ మొహం కదల్లేదు. మంచి మిషనుకి పొద్దున్నా మధ్యాహ్నం అంకెలు ఒకలాగే ఉంటాయన్నాడు. కంప్యూటర్లు తను ఆరు నెలలు కూర్చుని నేర్చుకున్నానని, గురువుగారు ఈ వయసులో వీటి జోలికి పోకపోతే మర్యాదగా ఉంటుందన్నాడు.

"పోనీ మీరు చెప్పినట్టే ఎవడో దిద్దేడనుకోండి. ఎప్పుడు దిద్దుతాడండీ? ప్రమాదం మర్నాటినించీ పదిరోజులు ఈ గది తాళంచెవి నా మొలతాడుకే ఉంది. నేను తప్ప ఈగ కూడా దూరలేదు. తరవాత తాళం తీసింది ఈ అమ్మాయి. దిద్దితే ఈ అమ్మాయే దిద్దాలి మరి."

సౌజన్య నిలబడిపోయింది.

"సప్తమి నాడు పోటు ఎన్నింటికిరా?" అన్నాడు వీర్రాజు.

"ఏంటండీ?"

"ఏట్లో నీళ్ళు ఎన్నింటికి ఎక్కుతాయి? పడవలు ఎన్నింటికి వస్తాయి?"

గోపీకృష్ణ నవ్వబోయి ఆగాడు.

"నీకు తెలియదు. నాలుగేళ్ళు ఆవిడ చేతి అన్నం తిన్నావు. రోజూ నీ ముందే లెక్కపెట్టింది. నీకు చేప కావాల్సొచ్చింది గాని, అది ఏ నీటి మీద వచ్చిందో అక్కర్లేకపోయింది. రెండూ ఇరవై లోపు పోటు. పదకొండు పడవలకి ఐసు ఎక్కింది. పడవలవాళ్ళు పదకొండు మందీ సాక్ష్యం చెబుతారు. నీ కంప్యూటరు మాత్రం తలుపే తియ్యలేదంటోంది."

వెనకనించి సౌజన్య గొంతు వినపడింది. ఆ అమ్మాయి ఎప్పుడు అచ్చు వేసిందో, నెల ఫైళ్ళ జాబితా మొత్తం కాగితం మీద ఉంది. తెర మీద ఇరుకై కనపడని గడులు కూడా అందులో ఉన్నాయి.

"ఫైలుని నొక్కినా, దాని మీద ఆఖరిసారి ఎప్పుడు చెయ్యి పడిందో లోపల అలాగే ఉంటుందండి. అన్ని ఫైళ్ళకీ ఆ రోజు అర్ధరాత్రే ఉంది. రాయడం ఆపేది అప్పుడే కదండీ. ఎనిమిదో తారీఖుది మాత్రం ఎనిమిదో తారీఖు సాయంత్రం నాలుగూ యాభై ఉండాలండి."

"ఏముంది?"

"పన్నెండో తారీఖు. పొద్దున్న పదకొండూ పది."

పన్నెండో తారీఖు భీష్మ ఏకాదశి. అంతర్వేదిలో రథం లాగే రోజు. ఈ చుట్టుపక్కల కాళ్ళున్నవాడెవడూ ఊళ్ళో ఉండడు. ఫ్యాక్టరీకి సెలవు. సౌజన్య తల్లితో తీర్థంలో ఉంది. నారాయణమూర్తి పడవల మీద జనాన్ని దాటిస్తున్నాడు. తాళంచెవి ఎవరి మొలతాడుకుందో ఇందాక గోపీకృష్ణే చెప్పాడు.

వీర్రాజు గెలిచాననుకోవాల్సిన ఘడియ అది. అనుకోలేదు. పొద్దుటి గంటలు తీసి మధ్యాహ్నం ఖాళీలో పెట్టడం. ఈ పని తను ఎక్కడో చూశాడు. ఎక్కడో ఏమిటి, తన బల్ల మీదే.

గోపీకృష్ణ అది కనిపెట్టాడు. శిష్యుడు కదా.

"గుర్తొచ్చిందాండీ?" అన్నాడు నెమ్మదిగా. "ఎవరు నేర్పేరండీ నాకు? ఎనభై ఒకటి. నేను నాటకం చూడ్డానికి పోయి రాత్రి గస్తీ బీటు ఎగ్గొట్టేను. పుస్తకంలో మూడు గంటలు ఖాళీ. పెద్ద సారు తనిఖీకి వస్తున్నారు. నేను ఏడుస్తుంటే మీరేమన్నారు? నిన్నటి పేజీ చూసి దింపెయ్యరా, టైము మార్చు చాలు అన్నారు. దింపేను. పాత నేరస్థుడు వీరన్న ఇంటి తలుపు కొడితే లేడు అన్న ముక్క కూడా దిగిపోయింది. వాడు ముందురోజు వేటకెళ్ళేడు. ఆ రోజు ఇంట్లోనే పడుకున్నాడు."

అదే రోజు రేవులో పడవ ఇంజను పోయింది. ఇంట్లో లేడని బీటు పుస్తకం చెప్పింది కాబట్టి దొంగ వీరన్న అన్నారు. రెండేళ్ళు వేశారు. శిక్ష పడిన మర్నాడు వీర్రాజుకి అసలు సంగతి తెలిసింది. నోరు విప్పితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. విప్పలేదు. సీతారత్నానికి మాత్రం చెప్పాడు. ఆవిడ నెలరోజులు అన్నం పెట్టింది గాని, మాట పెట్టలేదు. మళ్ళీ మాట్లాడిన రోజు కూడా ఆ విషయం ఎత్తలేదు. పంతొమ్మిదేళ్ళు ఎత్తలేదు. పోయేముందు ఒక్కసారి, మంచం మీదనించి, "వీరన్న ఇంకా ఉన్నాడా?" అని అడిగింది. కరవాకలో వలలు అల్లుకుంటూ ఉన్నాడని చెప్పాడు. ఆవిడ అటు తిరిగి పడుకుంది.

"ఆ పుస్తకం నా దగ్గిరుందండీ" అన్నాడు గోపీకృష్ణ. "మీరు రేపు బోనెక్కి ఈ కాగితాలు చూపించండి. మా ప్లీడరు లేచి ఆ పుస్తకం చూపిస్తాడు. దొంగ రాత నేర్పినవాడొచ్చి దొంగ రాత పట్టేనంటే ఎవరు నమ్ముతారండీ? మీరూ పోతారు, మీతోపాటు అప్పన్నా పోతాడు. నేను ఈ కంపెనీ ఉప్పు తిన్నాను. మీ ఇంటి ఉప్పూ తిన్నాను. అందుకే చెబుతున్నాను, అయిదింటిదాకా కూర్చోండి. దాని పాటికి అది తుడుచుకుపోతుంది. ఎవరికీ ఏమీ అవ్వదు."

అతని గొంతులో బెదిరింపు కంటే బతిమాలడమే ఎక్కువగా ఉంది. ఒక్క క్షణం ముళ్ళు తీసి పెడితే తినే ఆ కుర్రాడు కనపడ్డాడు. వీర్రాజు ఆ మొహాన్ని చూడటం మానేశాడు.

"ఆఫీసు గదిలో గంట మోగితే ఆపింది ఎవర్రా?"

"తెలిసి ఏం చేస్తారు? యజమానే. తీర్థానికి ఐసు చాలదని, మిషను ఆపకుండా గంటనే మూడుసార్లు ఆపేడు. చాలా?"

"చాలు."

గోపీకృష్ణ గడియారం చూసుకుని, యజమానికి ఫోను చెయ్యాలంటూ వరండాలోకి వెళ్ళాడు. సిగ్నలు దొరక్క గేటు దాకా నడిచాడు. నాలుగూ ముప్ఫయ్యెనిమిది.

నెల ఫైళ్ళన్నీ ఈ గది దాటించడానికి ఎంతసేపు పడుతుందని వీర్రాజు అడిగాడు. సౌజన్య అప్పటికే నల్లటి ఫ్లాపీ ఒకటి మిషను నోట్లో పెట్టింది. విప్పి ఉంటే నాలుగు పట్టేవట, నొక్కి ఉండబట్టి నెలంతా ఒక్కదాన్లో పట్టేస్తుందిట. మిషను గురకపెడుతుంటే ఆ అమ్మాయి తెర వైపు చూస్తూనే అడిగింది.

"రేపు కోర్టులో ఎవరు చెప్పాలండి ఇది?"

"నువ్వు. ఫైళ్ళు నొక్కింది నువ్వు, విప్పింది నువ్వు, అచ్చు వేసింది నువ్వు. నేను పక్కన కూర్చున్న ముసలాణ్ణి, అంతే. నీ ఉద్యోగం పోతుంది. ముందే చెబుతున్నాను."

ఇంట్లో ఎవరెవరు తన మీద ఆధారపడ్డారో చెబుతుందనుకున్నాడు. చెప్పలేదు.

"అంజిబాబు రోజూ ఇక్కడికొచ్చి మంచినీళ్ళు తాగేవాడండి" అంది. ఫ్లాపీ బయటికి లాగి జాకెట్టులో దాచుకుంది. "రాయండి. సంతకం పెడతాను."

"నా రాత వద్దు. నువ్వే రాయి." వీర్రాజు ప్రింటరు కాగితం ఒకటి చింపి ఆమె ముందు పెట్టాడు. "పైన తారీఖు. రెండువేల మూడు, ఆగస్టు ఇరవై ఒకటి. టైము నాలుగూ నలభై ఒకటి. కింద ఈ గదిలో నువ్వు విన్నదంతా, వరసగా."

"బీటు పుస్తకం సంగతి కూడానాండీ?"

"అది ముందు. ఫైలు సంగతి తరవాత."

ఆ అమ్మాయి తలెత్తి చూసింది. అది రాస్తే ఆయనకేమవుతుందో ఆమెకి అర్థమైంది. వాళ్ళు చూపిస్తారంటున్నదాన్ని మనమే ముందు చూపిస్తే వాళ్ళ చేతిలో ఇంకేం మిగలదని కూడా అర్థమైంది. అది మంచి ఎత్తని మెచ్చుకోలుగా అంది. వీర్రాజు ఎత్తు కాదన్నాడు. ఇరవై రెండేళ్ళ కిందట రాయాల్సిన కాగితమన్నాడు.

గేటు దగ్గర కారు హారను మోగింది. యజమాని ఫోనుకోసం ఆగలేదన్నమాట, తనే వచ్చాడు. మెట్ల కింద ఇద్దరు ముగ్గురి చెప్పుల చప్పుడు. వీర్రాజు లేచి తలుపు గడియ పెట్టాడు. దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. మోకాళ్ళు పలుకుతున్నాయి. పలకనిచ్చాడు.

"చెప్పండి" అంది సౌజన్య, కలం పట్టుకుని.

బయట ఎవరో తలుపు తోశారు. వీర్రాజు గొంతు పెంచలేదు. స్టేషనులో కానిస్టేబుళ్ళకి చెప్పి రాయించినట్టే, తొందర లేకుండా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు.

"వీర్రాజు అనే నేను, పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలో, కరవాక వీరన్న ఇంట్లో ఉండగా, లేడని దొంగ రాత రాయించిన పుస్తకాన్ని కోర్టులో పెట్టాను, ఉన్నాడని తెలిశాక కూడా నోరు విప్పలేదు. రాశావా?"

"ఆయ్."

"ఇంట్లో ఉన్నాడు. అది ఇంకోసారి రాయి."